పెట్రోలు మిషనూ, పళ్లెం చప్పుడూ

రిటైరై ఆరేళ్లయినా వీధిలో అందరికీ ఆయన ఫోర్‌మన్ గారే. బస్సు డిపోలో ముప్ఫై రెండేళ్లు ఇంజన్ల మధ్య బతికిన మనిషి. ఇంజన్ అంటే చెవి కోసుకుంటారు. ఆ మాట ఆయన విషయంలో సగం నిజం కూడా అయింది. కుడి చెవిని పూర్తిగా, ఎడమ చెవిని సగానికి పైగా ఆ ఇంజన్లే తినేశాయి. అడిగితే మాత్రం చచ్చినా ఒప్పుకోరు. "నా చెవులకేమైంది? ఇప్పటివాళ్లకి నోరు తెరిచి మాట్లాడటం రాదు, అంతే" అంటారు.

డిపోలో ఇంజన్ నడుస్తుంటే మనిషి మాట మనిషికి వినపడదు. అందుకని మెకానిక్కులు ఇనుప బల్ల మీద స్పానరుతో కొట్టి కబుర్లు చెప్పుకునేవారు. ఒక దెబ్బయితే ఆపు, రెండయితే నడుపు. పెళ్లైన కొత్తలోనే ఫోర్‌మన్ గారు ఆ పద్ధతిని ఇంటికి మోసుకొచ్చారు. ఆయన భార్య మొదట్లో ముక్కున వేలేసుకుంది కానీ, గొంతు చించుకోవడం కన్నా ఇదే నయమని త్వరలోనే గ్రహించింది. వంటింటి గడపలో నిలబడి స్టీలు పళ్లెం మీద గరిటెతో కొడుతుంది. ఒక దెబ్బంటే తినడానికి రమ్మని. రెండంటే ఎవరో వచ్చారని. మూడంటే ఉన్నపళంగా రమ్మని. ఆ సన్నటి చప్పుడు ఆయనకి మిగిలిన అర చెవిని ఎలాగో వెతుక్కుంటూ వెళ్లి చేరుతుంది. ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురంలో పళ్లేలు నాలుగు మారాయి, దెబ్బల లెక్క మాత్రం మారలేదు.

ఇంతకీ గొడవ పెరటితో వచ్చింది. ఇంటి వెనక బండలు పరిచిన చిన్న పెరడు, ఓ మూల సిమెంటు అరుగు, చుట్టూ ఆవిడ పూలకుండీలు. సాయంత్రమైతే ఆ అరుగు మీద కూర్చోవడం ఆవిడకి ప్రాణం. గోడ నీడ వల్ల ఎండ తగలక బండల నిండా పాచి పట్టేది. పోయిన వానాకాలంలో బట్టలు ఆరేయడానికి వెళ్లి జారి పడింది. మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది, కట్టు విప్పారు, పది నెలలు గడిచాయి. భయం మాత్రం వదల్లేదు. అప్పటినుంచి ఆవిడ గడప దాటి పెరట్లో కాలు పెట్టలేదు. గడపలోంచే మొక్కలకి నీళ్లు పోయించేది. ఆయన పోస్తే కొన్నిటికి వరద, కొన్నిటికి కరువు.

ఫోర్‌మన్ గారు బ్రష్షు పట్టి రెండుసార్లు తోమి చూశారు. పాచి పక్షం రోజుల్లో తిరిగి వచ్చింది, ఆయన నడుము మాత్రం తిరిగి రానని మొరాయించింది. ఎలాగైనా ఆవిడని మళ్లీ ఆ అరుగు మీద కూర్చోబెట్టాలని ఆయన పట్టుదల. అందుకని నీళ్లని జోరుగా చిమ్మి కడిగే ప్రెషర్ వాషర్ కొనాలని తీర్మానించారు.

"పెట్రోలుది కొంటాను" అని ప్రకటించారు.

వాషింగ్ మిషన్లు రిపేరు చేసే బామ్మర్ది ఆ పూట అక్కడే ఉన్నాడు. వాడికి కరెంటుతో నడవనిది మిషనే కాదు.

"బావా, నువ్వు కడగబోయేది బస్సు కాదు, పెరడు. ఇంటికి కరెంటుది చాలు."

"కరెంటుదానికి తోకొకటి. తడిలో ఆ తోక ఈడ్చుకుంటూ తిరగాలా?"

"లీకైతే టక్కున కరెంటు ఆగిపోయే స్విచ్చు నేను బిగించి పెడతాగా. నీ పెట్రోలుది నాలుగు నెలలు మూలన పడేస్తే కార్బురేటర్ మూసుకుపోతుంది. నాకన్నా నీకే బాగా తెలుసు."

"మూసుకుపోతే విప్పుతా. అదేగా సరదా."

వారం రోజులు వాడు బావ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. పాపం, ఆ చెవిలో ఏం కట్టుకున్నా దండగే. చివరికి ఆవిడే విసుక్కుంది. "రెండూ ఎక్కడైనా అడిగి తెచ్చి చెరో సగం కడగండి. చూసి నేను చెబుతాను."

ఆదివారం పొద్దున్నే రెండు మిషన్లూ దిగాయి. పెట్రోలుది ఫోర్‌మన్ గారి పాత నేస్తం నడిపే వ్యాన్ల సర్వీసు షెడ్డు నుంచి వచ్చింది. దాన్ని దింపడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. కరెంటుదాన్ని బామ్మర్ది సూట్‌కేసులా ఒంటి చేత్తో తెచ్చాడు. ఫోర్‌మన్ గారు దాని వంక జాలిగా చూసి, సుద్దముక్కతో పెరటి మధ్య గీత గీశారు. తీరా చూస్తే కరెంటుదాని వైరు పొట్టి. పొడుగు వైరు తెస్తానని బామ్మర్ది ఇంటికి వెళ్లాడు.

ఫోర్‌మన్ గారు ఆగలేదు. తాడు లాగగానే మిషను ధడధడమంది. ఆయన మొహం వెలిగిపోయింది. ఆరేళ్ల తర్వాత చేతుల్లోకి ఇంజన్ వణుకు వచ్చింది మరి. పచ్చటి బండలు చూస్తుండగానే తెల్లబడ్డాయి. బండల సందుల్లో సిమెంటు కూడా లేచిపోతోంది కానీ, ఆ ఊపులో అది ఆయన కంటికి ఆనలేదు. గోడకి కొట్టిన నీళ్లు వంటింటి కిటికీలోంచి లోపలికి వెళుతున్నాయన్నదీ ఆనలేదు.

లోపల ఆవిడ నెత్తి మీద ఒక్కసారిగా బురదనీళ్లు పడ్డాయి. గడపలోకి వచ్చి మూడు కొట్టింది. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ మూడు. మళ్లీ మూడు, ఈసారి గరిటె వంగేలా. ఆయన వీపు కదల్లేదు. పొయ్యి మీదికి, పాల గిన్నెలోకి నీళ్లు పడుతూనే ఉన్నాయి. ఆవిడ ఇంకేమీ ఆలోచించలేదు. పళ్లెం చేత్తో పట్టుకునే గడప దాటి, విసవిసా నడిచి వెళ్లి ఆయన భుజం మీద గరిటెతో ఒక్కటి వేసింది.

ఆయన తిరిగి చూసి మిషను ఆపేశారు. ఎదురుగా ఆవిడ. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి, కాళ్లకి చెప్పులు లేవు, నిలబడింది తడి బండల మీద. ఆయన గబుక్కున జబ్బ పట్టుకున్నారు.

"ఇంతదూరం నడిచొచ్చాక ఇప్పుడా పట్టుకోవడం?" అంది ఆవిడ. అని, కాళ్ల వంక చూసుకుంది. అప్పుడుగానీ తనెక్కడుందో తనకే తెలియలేదు. కాలి వేళ్లతో బండని రెండుసార్లు రాసి చూసింది. జారలేదు.

"మూడు కొట్టానండీ. మూడుసార్లు కొట్టాను."

"వినపడలేదు" అన్నారు ఫోర్‌మన్ గారు. జన్మలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు.

"నేను లోపల పడిపోయి కొట్టినా ఇంతేనా మరి?"

ఆవిడ మామూలుగానే అడిగింది, కొంగుతో తల తుడుచుకుంటూ. ఆయనకి మాత్రం నిజంగా భయమేసింది.

బామ్మర్ది పొడుగు వైరు తెచ్చాక, రెండో సగం కరెంటు మిషనుతో ఆయనే కడిగారు. మొదట నడుస్తోందో లేదోనని అరచెయ్యి ఆనించి చూశారు. సన్నగా గుంయ్‌మంటోంది. పని నిదానంగా సాగింది, అంతే పెరటికి రెట్టింపు సేపు పట్టింది. పాచి మాత్రం పూర్తిగా పోయింది, సిమెంటు ఎక్కడిదక్కడే ఉంది. మధ్యలో లోపలినుంచి పళ్లెం మీద ఒక దెబ్బ పడింది. ఆయన మిషను ఆపి, "పద, టిఫిను పెట్టింది" అన్నారు. వైరు పట్టుకుని పక్కనే నిలబడ్డ బామ్మర్ది నోరు వెళ్లబెట్టాడు. "నాకే వినపడలేదు, బావా."

తింటూ ఫోర్‌మన్ గారు తీర్పు ఆవిడ చెప్పకముందే చెప్పేశారు. "పెట్రోలుది సిమెంటు లేపేస్తోంది. ఇంటికి పనికిరాదు." చెవుల ఊసు ఎత్తలేదు. బామ్మర్ది మీసం దువ్వుకున్నాడు. ఆవిడ ఇద్దరికీ మరో వడ్డన చేసి, తనలో తాను నవ్వుకుంది.

తర్వాతి ఆదివారం కొత్త కరెంటు మిషనుతో ఆయన పెరటి గోడ కడుగుతున్నారు. ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది, ఒళ్లో పళ్లెం, చేతిలో వంకర గరిటె. ఉన్నట్టుండి నాలుగు దెబ్బలు వినిపించాయి. ఆయన చటుక్కున స్విచ్చు కట్టేసి వెనక్కి తిరిగారు.

"నాలుగంటే ఏంటి? మన లెక్కలో నాలుగు లేదుగా."

"ఏం లేదండీ. వినపడుతోందో లేదో చూశాను."

ఆయన మళ్లీ స్విచ్చు వేయబోయి ఆగారు. "అప్పుడప్పుడూ కొడుతుండు" అన్నారు.