వినాయకుడికి కుడై

మా మేడ మీద వాటాలోకి జూన్ నెలలో ఒక టీచరమ్మ అద్దెకు దిగింది. తమిళం మాట్లాడే కారైకాల్ నుంచి బదిలీ మీద యానాం వచ్చింది. పుదుచ్చేరి ప్రభుత్వ ఉద్యోగాల్లో ఇది మామూలే. అలా వచ్చినవాళ్ళలో చాలామంది ఇంగ్లీషుతో నెట్టుకొస్తూ, తిరిగి వెళ్ళే రోజు కోసం చూస్తుంటారు. ఈ అమ్మాయి అలా కాదు. దిగిన వారానికే మా ఆవిడ పక్కన చేరి, కూరగాయల పేర్లు ఒక్కొక్కటీ అడిగి పలకడం మొదలుపెట్టింది.

బడిలో ఆమెకు మూడో తరగతి ఇచ్చారు. మా మనవరాలిది ఆ తరగతే. ఇంగ్లీషు మీడియం అన్న పేరే గానీ, ఆ వయసు పిల్లలకు తెలుగులో చెబితే తప్ప ఎక్కదు. తమిళ మాట తోక కొంచెం మారిస్తే తెలుగైపోతుందని టీచరమ్మ తనకు తానే ఒక సూత్రం కనిపెట్టుకుంది. పాల్ అంటే పాలు, ఊర్ అంటే ఊరు, పూ అంటే పువ్వు. చాలాసార్లు పని జరిగేది కూడా. ఒకసారి మాత్రం బెడిసికొట్టింది. లెక్కల పాఠానికి గులకరాళ్ళు కావాల్సి వచ్చి, "రేపు అందరూ ఇంటి నుంచి పది కల్లు తీసుకురండి" అని చెప్పింది. వాళ్ళ భాషలో కల్లు అంటే రాయి.

మర్నాడు ఒక పిల్లవాడి తండ్రి బడి గేటు దగ్గరే అందుకున్నాడు.

"ఏటండీ ఇది! యానాంలో మందుకి కరువొచ్చిందా, పిల్లోడి చేత కల్లు తెమ్మంటారు? పైగా పదంట! పది సీసాలాండీ, పది కుండలా?"

విన్నవాళ్ళంతా నవ్వుకున్నారు. హెడ్మిస్ట్రెస్ నవ్వలేదు. వినాయక చవితికి ముందు మూడో తరగతి పిల్లలతో మట్టి బొమ్మలు చేయించాల్సి ఉంది; ఆ బొమ్మలు చూడ్డానికి తానే వస్తానని, అప్పటికీ పిల్లలకు మాట అందడం లేదనిపిస్తే తరగతిని వేరేవాళ్ళకు ఇచ్చి, ఈమెను ఆఫీసు పనికి పంపుతానని చెప్పేసింది. ఆ సాయంత్రం టీచరమ్మ మెట్ల మీద కూర్చుని మా ఆవిడతో, "ఆఫీసులో పిల్లలు ఉండరు కదమ్మా" అంది.

బొమ్మల పని బాగానే సాగింది. గోదావరి ఒండ్రుమట్టి తెప్పించి తలా ఒక ముద్ద ఇచ్చింది. మాటలతో పెద్దగా పని లేదు. తాను చేసి చూపిస్తే పిల్లలు చూసి చేశారు. మా మనవరాలు రోజూ వచ్చి వార్తలు చెప్పేది. "నా పక్కనోడి వినాయకుడికి తొండం ఊడిపోయింది తాతా. చెవి పీకి తొండం పెట్టేశాడు." బొమ్మలన్నీ బడి వరండాలో వరసగా ఆరాయి.

పండగకు రెండు రోజుల ముందు సాయంత్రం మనవరాలు సంచీ పడేస్తూనే, "నానమ్మా, రేపు వినాయకుడికి కుడై చేసి తెమ్మన్నారు టీచరు" అంది.

"కుడై ఏంటే?"

"ఏమో. కుడై అనే అన్నారు. ఇంట్లో అమ్మని అడిగి చేయించుకోండి అన్నారు."

మా ఆవిడ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "కుడుం అనుంటుంది. అరవ పిల్ల కదా, నోరు తిరగక కుడై అంది. వినాయకుడికి ఇంకేం చేస్తాం?"

నాకూ అది సబబుగానే తోచింది. మేడ మీదికెళ్ళి అడుగుదామంటే టీచరమ్మ తరగతి అలంకరణకు రంగు కాగితాలు కొనడానికి బజారుకు వెళ్ళింది. ఈలోగా పిల్లల తల్లుల వాట్సాప్ గ్రూపులో మా కోడలి ఫోన్ మోగుతూనే ఉంది. కుడై అంటే ఏంటని కనకాలపేట నుంచి ఒకామె అడిగింది, మెట్టకూరు నుంచి ఇంకొకామె. మా కోడలు అత్తగారి తీర్పును అందరికీ పంపించింది. ఆ రాత్రికి మూడో తరగతి ఇళ్ళన్నిటిలో బియ్యపు రవ్వ నానింది.

పొద్దున మనవరాలు కుడుముల డబ్బా మరిచిపోయి వెళ్ళింది. ఇంకా వేడిగా ఉన్న ఆ స్టీలు డబ్బా పట్టుకుని నేను బడికి వెళ్ళాను. తరగతి గుమ్మం దగ్గరికి వచ్చేసరికే కొబ్బరి, బెల్లం, యాలకుల వాసన. టీచరు బల్ల మీద డబ్బాల మీద డబ్బాలు. వాటి వెనక టీచరమ్మ నిలబడి ఉంది. చేతిలో రంగు కాగితాల చుట్ట.

"ఇదంతా ఏమిటి?" అని అడుగుతోంది.

"కుడై టీచర్!" అన్నారు పిల్లలంతా ఒక్కసారే.

ఆమె ఒక డబ్బా మూత తీసింది. ఇంకొకటి తీసింది. ముఖం చూస్తే నాకే పాపమనిపించింది. బొమ్మలు చూడ్డానికి హెడ్మిస్ట్రెస్ ఆరోజే, ఇంటర్వెల్ కాగానే వస్తుంది. టీచరమ్మ సుద్దముక్క తీసుకుని బోర్డు మీద వినాయకుణ్ణి వేసింది. ఆయన తల మీద ఒక అర్ధచంద్రం, కింద ఒక కాడ.

"కుడై" అంది, దాన్ని చూపిస్తూ.

"గొడుగా!" అని వెనక బెంచీ నుంచి ఒక కేక. ఇక నవ్వులే నవ్వులు. మా మనవరాలైతే బల్ల మీద తల పెట్టేసుకుంది.

వాళ్ళ ఊళ్ళో చవితికి మట్టి బొమ్మతో పాటు రంగు కాగితాల బుల్లి గొడుగు కొంటారట. గొడుగు లేని వినాయకుడు ఇంటికి రాడట. మనం పైన పాలవెల్లి కడతాం కాబట్టి గొడుగు ఊసే లేదు. ఆమె నాతో మెల్లగా, "గొడుగు, కుడై... దగ్గరగానే ఉన్నాయి కదా సార్, తెలుగే అనుకున్నాను" అంది.

తర్వాత అరగంట ఆ గదిలో ఎవరూ ఊరికే కూర్చోలేదు. రంగు కాగితాలు గుండ్రంగా కత్తిరించారు. ఒక పక్క మధ్యదాకా కోసి, అంచు మీద అంచు జరిపి జిగురు పెడితే గొడుగు ఆకారం వచ్చింది. కాడలు లేవు. ఎవరో వరండాలోంచి కొబ్బరి చీపురు పట్టుకొచ్చారు. "తాతా, నువ్వు ఈనెలు విరువు" అని మనవరాలు నాకు పని అప్పజెప్పింది. విరిచాను. బొమ్మల్ని వరండాలోంచి లోపలికి తెచ్చి, ఒక్కోదాని పీట వెనక పచ్చిమట్టి అద్ది ఈనె గుచ్చితే గొడుగు నిలిచింది. కొన్ని వాలాయి. చెవి తొండమైన వినాయకుడి గొడుగు ఆయన్ని పూర్తిగా కప్పేసింది; ఆ పిల్లవాడు అదే మంచిదన్నాడు.

చివరి గొడుగుల జిగురు ఆరకముందే హెడ్మిస్ట్రెస్ వచ్చింది. బొమ్మల్ని చూసింది. తర్వాత బల్ల మీది డబ్బాల్ని చూసింది.

"మీ టీచరు నిన్న ఏం తెమ్మన్నారు?"

"కుడై!"

"అంటే?"

"గొడుగు!"

"మరి ఈ కుడుములెందుకు తెచ్చారు?"

టీచరమ్మ చెప్పబోయింది. అంతలో ముందు బెంచీలోంచి ఒక పిల్ల లేచి నిలబడింది. "మరి గొడుగు కింద కూర్చున్నాక ఆయనకి ఆకలెయ్యదా మేడమ్?"

హెడ్మిస్ట్రెస్ దగ్గర్లో ఉన్న డబ్బాలోంచి ఒక కుడుం తీసుకుని కొరికింది. అది మా ఇంటి డబ్బా. తినడం అయ్యాక టీచరమ్మతో, "ఈసారి రాళ్ళు కావాలంటే రాళ్ళనే అడగండి. తరగతి మీ దగ్గరే ఉంటుంది" అని చెప్పి, ఇంకొకటి చేతిలో పట్టుకుని వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చి జరిగింది చెబితే మా ఆవిడ నన్నే తప్పుబట్టింది. "ఇన్నేళ్ళు పేపర్లో పనిచేశారు, టీచరమ్మ బజారు నుంచి వచ్చాక ఒక్క మాట పైకెళ్ళి కనుక్కోలేకపోయారా?"

పండగనాడు మనవరాలు తెచ్చిన బొమ్మనే పీట మీద పెట్టాం. పైన పాలవెల్లి, కింద ఎర్రకాగితం గొడుగు. పాలవెల్లికి కట్టిన వెలక్కాయ సరిగ్గా గొడుగు మీద ఆనుతోంది. "ఆ గొడుగు తీసేద్దామా?" అన్నాను. మా ఆవిడ వెలక్కాయను విప్పి పక్కకు కట్టింది.

పూజయ్యాక టీచరమ్మను కిందికి పిలిచి, విస్తట్లో రెండు కుడుములు పెట్టి, "ఇదిగో, దీన్ని కుడుం అంటారు. సరిగ్గా చూసుకో" అంది.

టీచరమ్మ నవ్వి, "మా ఊళ్ళో కొళుకట్టై అంటామమ్మా" అంది.

"కొడుకు అట్టా?" మా ఆవిడ గరిటె ఆపేసి నిలబడిపోయింది. "ఆ మాట మాత్రం బడిలో అనకు తల్లీ. పిల్లలు తలా ఒక అట్టు పట్టుకొస్తారు."