అరవై ఐదు అన్నాను

మొన్న ఆదివారం ఉదయం మా సొసైటీ పార్కింగులో కారు తుడుచుకుంటుంటే స్తంభం అవతల నుంచి చిన్న మోటారు మోత వినిపించింది. పక్క బ్లాకు పెద్దమనిషి ఒకాయన సైకిలు చక్రం పక్కన మునికాళ్ళ మీద కూర్చుని, అరచేతిలో ఇమిడే కరెంటు పంపుతో గాలి కొడుతున్నాడు. మోత కాసేపు బిగువుగా సాగింది. తర్వాత గొంతు జారినట్టు సన్నబడి ఆగిపోయింది. ఆయన "హో గయా" అని, నిండిందనుకుని పంపు విప్పబోయాడు. గాలి నిండలేదనీ, పంపులో ఛార్జింగ్ అయిపోయిందనీ ఉన్నచోటు నుంచే చెప్పాను. ఆయన పంపు తిప్పి చూసుకుని, అంత దూరం నుంచి ఎలా తెలిసిందని అడిగాడు. అలవాటైపోయిందన్నాను. నిజానికి ఆ తేడా వినడం నాకు నేర్పింది చూపు లేని మనిషి ఒకాయన. పేరు సత్యమూర్తి.

నేను వరంగల్ నుంచి ఉద్యోగం కోసం ఢిల్లీలోని ద్వారక వచ్చి అప్పటికి రెండేళ్ళు. ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకరోజు ఒక సందేశం కనబడింది. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ బ్యాంకులో పనిచేస్తున్న ఒకాయనకు రెండు సీట్ల సైకిలు ఉందట. ఇన్నాళ్ళూ ముందు సీటులో కూర్చుని తొక్కిన మిత్రుడికి పుణె బదిలీ అయిందట. ఆదివారాలు ఎవరైనా రాగలరా అని అడిగారు. ఏదో మంచిపని చేయబోతున్నానన్న భావంతో వెళ్ళాను. సత్యమూర్తి గారు నన్ను సోఫాలో కూర్చోబెట్టి, ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసినట్టు ప్రశ్నలు వేశారు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. పన్నెండో ఏట చూపు పోయింది.

"బ్రేకు ముందునుంచీ మెల్లగా వేస్తావా, దగ్గరకొచ్చాక ఒక్కసారి వేస్తావా?"

"మెల్లగనే వేస్త సార్."

"మాట్లాడతావా?"

ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. "అవసరముంటే మాట్లాడ్త" అన్నాను. ఆయన భార్య ప్రభావతి గారు వంటింట్లోంచి నవ్వడం వినిపించింది.

ఆ ప్రశ్న ఎందుకు అడిగారో మొదటి రోజే తెలిసింది. నేను పుట్టుకతోనే మితభాషిని. ఇంట్లోనూ అంతే, ఆఫీసులోనూ అంతే. రెండు సెక్టార్లు దాటేలోగా మూడు స్పీడ్ బ్రేకర్ల మీద ఆయన నడుం అదిరింది. ప్రతిసారీ ఎక్కేశాక "స్పీడ్ బ్రేకర్ సార్" అన్నాను. మూడోదాని తర్వాత సైకిలు ఆపమన్నారు.

"శ్రీధర్, గతుకు వచ్చాక నువ్వు చెప్పక్కర్లేదు, అది నాకే తెలుస్తుంది. వచ్చే ముందు చెప్పు."

అప్పటినుంచి నోరు విప్పడం నేర్చుకున్నాను. గుంత, కుడి మలుపు, ముందు ఆవులు, ఎడమపక్క ఈ-రిక్షా. కొన్నాళ్ళకు ఆయనకు అవి కూడా చాల్లేదు. ఒక మార్చి నెల ఉదయం మా పక్కన రోడ్డు మీద ఏదో తప్పున రాలింది. ఏమిటది అన్నారు. పువ్వు అన్నాను. ఏ పువ్వు అన్నారు. ఎర్రగా, దళసరిగా ఉందని చెప్పాను. "బూరుగు అయ్యుంటుంది, చెట్టుకి ఆకులున్నాయా?" అని అడిగారు. తలెత్తి చూశాను. ఒక్క ఆకు లేదు, చెట్టంతా పూలే. రోజూ ఆఫీసు క్యాబులో ఆ చెట్టు కిందనుంచే వెళ్తున్నాను. అప్పటివరకూ దాన్ని నేను చూడలేదు.

అలాంటి కరెంటు పంపే ఒకటి ఆయన సైకిలుకు నేను కొన్నాను. అంతకుముందు ఆయన కాలితో తొక్కే పంపు వాడేవారు. గాలి సరిపోయిందో లేదో బొటనవేలితో నొక్కి చెప్పేవారు. కొత్తది చేతికిస్తే అటూ ఇటూ తడిమి, "సబ్బుపెట్టె అంత ఉంది. ఇది మాట్లాడదా?" అన్నారు. తెర మీద గాలి ఒత్తిడి అంకె మాత్రమే కనిపిస్తుందని చెప్పాను. "అయితే ఆ అంకె నువ్వు చదవాలి" అన్నారు. ఇద్దరి బరువు మోసే సైకిలు కాబట్టి అరవై ఐదు పెట్టుకున్నాం. నలభై, నలభై ఐదు, యాభై అని నేను పైకి చదువుతుంటే ఆయన మోత వింటూ నిలబడేవారు. అరవై ఐదు రాగానే పంపు దానంతటదే టక్కున ఆగేది. ఆ తర్వాత ఆయన టైరు నొక్కి చూడటం మానేశారు. చదవడానికి నేనున్నాను కదా.

మరుసటి ఏడాది వేసవి మొదట్లో ఒక ఆదివారం నేను ఆలస్యంగా లేచాను. మాతో వచ్చే మిగతా సైకిళ్ళవాళ్ళు ఆరింటికి మెట్రో స్టేషన్ దగ్గర కలుస్తారు. అప్పటికే ఆరు కావస్తోంది. ముందు చక్రం నిండింది. వెనక చక్రానికి పెట్టాక పంపు మూలగడం మొదలుపెట్టి, ముప్పై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. ముందురోజు సాయంత్రం ఎదురింటివాళ్ళ సైకిళ్ళకు గాలి కొట్టి, తిరిగి ఛార్జింగ్ పెట్టడం మర్చిపోయాను. కాలి పంపు నాలుగో అంతస్తులో ఆయన ఇంట్లో ఉంది. వెళ్ళి తేవడానికి పది నిమిషాలు.

"అయిందా?" అన్నారు.

"అయింది సార్. అరవై ఐదు."

ఎందుకలా అన్నానో చాలాసార్లు ఆలోచించాను. పెద్ద కారణమేమీ లేదు. నా వల్ల ఆలస్యమైందని ఇంకోసారి చెప్పుకోవడం ఇష్టంలేకపోయింది. ఆయన ఒక్క క్షణం ఆగి సైకిలెక్కారు.

మూడు కిలోమీటర్లు బాగానే వెళ్ళాం. మలుపు దగ్గర గుంత ఉంది. చెప్పాను కూడా. ముందు చక్రం తప్పించుకుంది, వెనకది అంచుకు కొట్టుకుంది. టైరు ఒక్కసారిగా చతికిలబడి, సైకిలు పక్కకు జారింది. నాకు మోచెయ్యి గీరుకుపోయింది. ఆయన ఎడమ మణికట్టు విరిగింది. ఆయన బ్రెయిలీ చదివేది ఆ చేతి చూపుడువేలితోనే.

పంక్చర్ వేసే భయ్యా ట్యూబు బయటికి లాగి, పక్కపక్కనే ఉన్న రెండు రంధ్రాలు చూపించాడు. "హవా కమ్ థీ, సాబ్" అన్నాడు. గాలి తక్కువైందట, నిండుగా ఉంటే ట్యూబు అలా నలగదట. తలూపి వచ్చేశాను. ఎవరడిగినా గుంత వల్ల పడ్డామనే చెప్పాను. ప్రభావతి గారైతే రోడ్డు ఫోటోలు తీయించి ఫిర్యాదు కూడా పెట్టారు. నేను వారానికి రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. కట్టులోంచి వేళ్ళు వాచి బయటికి కనిపించేవి. ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, ఎడమ వేలు చుక్కల మీద ఆనించి, స్పర్శ తెలియక, అలవాటులేని కుడిచేత్తో కూడబలుక్కుంటూ చదివేవారు. ఒకరోజు ఆయన ఒక్క పేజీ పూర్తిచేసేలోగా నా టీ చల్లారిపోయింది.

అది మూడో వారం. ఆ రోజే చెప్పాను. "సార్, ఆ రోజు అరవై ఐదు గాదు. ముప్పై ఎనిమిది."

ఆయన వేలు పేజీ మీదనుంచి తీశారు. "ముప్పై ఎనిమిదా? నలభై పైనే ఉంటుందనుకున్నాను."

"మీకు తెల్సా?"

"నిండి ఆగితే టక్కున ఆగుతుంది. అది నీరసపడి ఆగింది."

"మరి ఎందుకెక్కిన్రు సార్?"

"బొటనవేలితో ఒక్కసారి నొక్కితే సరిపోయేది. కానీ నొక్కితే, నీ మాట నమ్మలేదని నీకు తెలిసిపోతుంది. మొహమాటపడ్డాను. నా చెయ్యి విరగడంలో నా వాటా అది." పుస్తకం మూసి, "ప్రభకి చెప్పావా?" అన్నారు.

లేదన్నాను. వంటింటి వైపు గడ్డం ఎత్తారు.

వెళ్ళి చెప్పాను. ఆవిడ స్టవ్ ఆపి నావైపు తిరిగారు. "మూడు వారాలు ఎలా ఊరుకున్నావయ్యా?" అన్నారు. తర్వాత ప్లేటులో ఉప్మా పెట్టి నా చేతికిచ్చారు. "నాకు కోపం పోలేదు. తిను. ఆ ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోను, గుంత ఉన్నమాట నిజమే కదా." ఆవిడ కోపం పోవడానికి వర్షాలు రావలసి వచ్చింది.

కట్టు విప్పాక మళ్ళీ బయలుదేరిన రోజు నేను అంకె చదివాను. ఆయన వంగి రెండు టైర్లూ నొక్కి చూశారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం నా ఎదురుగానే నొక్కేవారు. మొదట్లో నాకు ముల్లు గుచ్చుకున్నట్టుండేది, తర్వాత అదే నిశ్చింతగా అనిపించసాగింది. అలా ఇంకో నాలుగేళ్ళు తొక్కాం. కిందటి చలికాలంలో ఆయన గుండెపోటుతో పోయారు. ప్రభావతి గారు కాకినాడలో చెల్లెలి దగ్గరకు వెళ్ళిపోయారు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని. పోయిన నెల గురుగ్రామ్ ఆఫీసులో ఒక పెద్ద విడుదలకు ముందు మీటింగు జరిగింది. పరీక్షలన్నీ పూర్తయ్యాయా అని మేనేజర్ అడిగింది. అందరూ నావైపు చూశారు. రెండు పరీక్షలు నడపలేదనీ, సమయం చాలక నేనే వదిలేశాననీ చెప్పాను. ఈ మాట నిన్ననే ఎందుకు చెప్పలేదని ఆమె అడిగింది. నిన్న మీకు చెప్పడానికి మొహమాటపడ్డాను అన్నాను. ఆమె విసురుగా ల్యాప్‌టాప్ వైపు తిరిగి విడుదల తేదీ మార్చింది. ఆమె కోపం న్యాయమైనదే. ఒకప్పుడు ఇలాంటి మాట చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టేది. ఇప్పుడు ఒక రోజు పడుతోంది.