మొదటి తొన

చలికాలం వస్తే భిలాయిలో మా సెక్టర్ 2 వీధుల్లోకి తోపుడు బళ్ళ మీద నాగపూర్ కమలాపళ్ళు దిగుతాయి. ఇక్కడందరూ సంత్రాలంటారు. నిన్న సాయంత్రం ఒక పండు తొక్కలో బొటనవేలి గోరు దించానో లేదో, ఆ ఘాటు కళ్ళలోకి చిమ్మింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. రిఫరీ ఈల ఊదాడా లేదా అని టీవీ వైపు చూశాను. టీవీ ఇంకా పెట్టనే లేదు. మా ఇంట్లో కమలాపండు ఒలిచేది ఆట సగమై, జట్లు విశ్రాంతికి వెళ్ళినప్పుడే. అంతకు ముందు ఎవరైనా ముట్టుకుంటే మా అత్తమ్మ చేతి మీద ఒక్కటేసేది. ఆవిడ పేరు పైడమ్మ. ఆవిడను మీరెవరూ చూసి ఉండరు కాబట్టి ఒక్క ముక్కలో చెబుతాను: కాపురానికి వచ్చిన కొత్తలో నేను ఎవరిని చూసి కుళ్ళికుళ్ళి చచ్చానో, ఆవిడే.

మాది రాజాం. నాన్న బట్టల కొట్లో గుమాస్తా. మా ఇంట్లో ఆటంటే వేసవి సెలవుల్లో అష్టాచెమ్మా, అంతే. పెళ్ళయి భిలాయి క్వార్టరులో కాలు పెట్టిన రోజు ముందు గదిలో మావయ్య ఫొటో చూసి నవ్వాపుకోలేక పమిట నోట్లో కుక్కుకున్నాను. దండ వేసిన ఫొటోలో ఎవరైనా కోటుతోనో కండువాతోనో ఉంటారు. ఈయన నిక్కరుతో ఉన్నాడు. మోకాళ్ళ దాకా మేజోళ్ళు, కాలి కింద బంతి. ఉక్కు కర్మాగారంలో పనిచేస్తూ తన డిపార్ట్‌మెంటు జట్టుకు ఫుట్‌బాల్ ఆడేవాడట. నేను వచ్చేసరికే ఆయన పోయి కొన్నేళ్ళయింది. మా ఆయన శ్రీనుకూ అదే కర్మాగారంలో ఉద్యోగం. ఆడపడుచు లక్ష్మిని దగ్గర్లోని కుమ్హారిలో ఇచ్చారు, ఆ పిల్లా స్కూలు జట్టులో ఆడినదే. ఆదివారం సాయంత్రమయ్యేసరికి తల్లీ కొడుకూ కూతురూ టీవీ ముందు చేరేవారు. నేను వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడేదాన్ని.

నన్ను పిలవలేదని అబద్ధం చెప్పను. పిలిచారు. మొదటిసారి కూర్చున్నప్పుడు మనది ఎర్ర చొక్కాల జట్టనీ, కుడిపక్క వలలో బంతి పడితే మనకు గోలనీ మా ఆయన ఓపిగ్గా చెప్పారు. నేనూ బుద్ధిగా తలకెక్కించుకున్నాను. మధ్యలో లేచి టీ పెట్టి తెచ్చాను. తిరిగొచ్చి కూర్చున్న కాసేపటికి బంతి కుడిపక్క వలలో పడింది. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఒక్కదాన్నే కొట్టాను. ఆ తర్వాత లక్ష్మి సోఫాలో పడి దొర్లింది.

"అరే యార్, నువ్వెవరి పార్టీ?" అన్నారు మా ఆయన.

"వదినా, గోల్ పడింది మన వలలో!" అంది లక్ష్మి పొట్ట పట్టుకుని.

అత్తమ్మ మాత్రం నవ్వలేదు. "ఊరుకోండర్రా! సగం ఆటయ్యాక జట్లు ఏపులు మారతాయని ఎవులైనా సెప్పినారేటి దానికి? కూసో అమ్మా," అంది.

నవ్వినవాళ్ళ మీద కంటే జాలిపడిన ఆవిడ మీదే నాకు ఎక్కువ మండింది. ఆ మంట మీదుండగానే మనవాళ్ళు గోల్ కొట్టారు. మా ఆయన ఎగిరి లేచారు. లేచి వాళ్ళమ్మ వైపు తిరిగారు. ఆవిడ అప్పటికే ఆయన వైపు తిరిగి ఉంది. ఇద్దరూ అరచేతులు కలిపి కొట్టుకున్నారు. ఆయన ముఖంలో అంత వెలుగు పెళ్ళిపీటల మీద కూడా లేదు, నేను పక్కనుండి చూశాను కదా! ఆనుకుని కూర్చున్నది నేను, ఆయన తిరిగింది గదికి ఆ చివరున్న కుర్చీ వైపు. ఆ రోజు నుంచి నాకు ఒకటే పంతం పట్టుకుంది. గోల్ పడినప్పుడు ఆయన నా వైపు తిరగాలి.

ఇక నా అసూయకు హద్దు లేకుండా పోయింది. అందరూ బంతిని చూస్తుంటే నేను మా ఆయన ముఖం చూసేదాన్ని. ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు. విశ్రాంతి సమయంలో అత్తమ్మ కమలాపండు ఒలిచి, పీచు శుభ్రంగా తీసి, మొదటి తొన కొడుకు చేతిలో పెట్టేది. ఒకప్పుడు ఆట సగంలో గీత దగ్గరికి వచ్చే మావయ్యకు పెట్టేదట, ఇప్పుడు ఈయనకు. నాకు మిగతావి ఎన్ని పెట్టినా ఆ మొదటిది గొంతులో అడ్డం పడ్డట్టే ఉండేది. మ్యాచ్ రసపట్టులో ఉండగా మిక్సీ వేశాను. చట్నీ అవసరం లేని రోజుల్లో కూడా వేశాను. వాళ్ళు టీవీ సౌండు పెంచుకున్నారు తప్ప ఎవరూ నన్నేమీ అనలేదు. అదీ మంటే. మా అమ్మకు ఫోన్ చేసి ఏడిస్తే, "తాగుడా? కాదు. పేకాటా? కాదు. బంతే కదే! నోరు మూసుకుని కాపురం చేసుకో," అంది. నా బాధ ఒక్క మనిషికీ అర్థం కాలేదు.

ఒక వారం మా ఆయనకు సెకండ్ షిఫ్ట్ పడింది. మధ్యాహ్నం వెళ్ళిపోయేవారు. సాయంత్రం టీవీలో ఏదో కలకత్తా జట్టు ఆట వస్తోంది. నేను కందిపప్పు ఏరుతూ అత్తమ్మ పక్కన కూర్చున్నాను. ఆవిడ తెర మీద నుంచి చూపు తిప్పకుండానే అంది:

"ఆడింట్లో ఉంటే ఆడి మొకం సూస్తావు. ఆడు లేకపోతే పప్పు సూస్తావు. ఆట మాత్రం సూడవు. ఏటి సంగతి?"

"ఏం లేదత్తమ్మా."

"ఉన్నాదిలే. గోలు పడితే ఆడు నా ఏపు తిరుగుతన్నాడని నీకు మంట. కాదేటి?"

దొరికిపోయాక దాచడమెందుకని అనేశాను. "అవును, మంటే. పెళ్ళాం పక్కనుండగా అమ్మ వైపు తిరిగితే మండదేటి?"

ఆవిడకు కోపం వస్తుందనుకున్నాను. టీవీ సౌండు తగ్గించి నా వైపు జరిగింది. "నాకూ మండీది," అంది. "మునుపు మన ఇల్లు క్యాంప్ 1ల ఉన్నప్పుడు మీ మావ డ్యూటీ దిగి సీదా గ్రౌండుకెలిపోయీవోడు. అక్కడేటున్నాదో సూద్దారని శీనుగాణ్ని సంకనేసుకుని నానూ ఎల్లినాను. గీత పక్కనే నిలబడ్డాను. ఆయన గోలేసినాడు. ఏసి ఎవుల ఏపు పరిగెట్టినాడనుకున్నావు? నా ఏపు సూడనైనా సూడనేదు. బంతందించిన బెంగాలీ ఆయన మీదికి దూకి వాటేసుకున్నాడు."

"మీకు కోపం రాలేదా?"

"రాదేటి! ఆ బెంగాలీ ఆయన ఇంటావిడతో నెల్లాళ్ళు మాటాడ్డం మానీసినాను. పాపం, ఆవిడేటి సేసినాదో ఆవిడికే తెల్దు."

నాకు నవ్వొచ్చింది. ఆవిడా నవ్వి, చేటలోంచి ఒక రాయి తీసి పారేసింది. "రోజూ ఎల్లి సూస్తే అప్పుడు తెల్సినాది. గోలు పడినప్పుడు మనిసి తల్లా పెళ్ళామా అని సూసుకోడు. ఆ బంతి ఎక్కడ బయల్దేరినాదో ఎవులు సూసినారో ఆళ్ళ ఏపు తిరుగుతాడు. నువ్వు వల్లో పడ్డాక సూస్తన్నావు. అప్పటికి ఆట అయిపోయినాది కదమ్మా."

ఆ ఆదివారం మధ్యాహ్నం నన్ను గ్రౌండుకు తీసుకెళ్ళింది. కర్మాగారం డిపార్ట్‌మెంట్ల మధ్య ఆట. ఆడేవాళ్ళు ఆగి "ఆంటీజీ, నమస్తే" అని ఆవిడ కాళ్ళకు దండం పెడుతుంటే అదొక మంట నాకు. రాజాంలో నన్ను చూసి కుక్క కూడా ఆగదు. సిమెంటు మెట్ల మీద కూర్చున్నాం. "బంతిని సూడకు," అంది అత్తమ్మ. "బంతిని అందరూ సూస్తారు. బంతి లేనోణ్ని సూడు. అదిగో, ఆ పసుపు బనియను కుర్రోడు."

చూశాను. గీత వెంట ఒక్కడే పరిగెత్తుతున్నాడు. బంతేమో మైదానానికి అటు పక్క ఎక్కడో ఉంది.

"బంతి దగ్గర లేకపోతే ఎందుకు పరిగెత్తడం, అత్తమ్మా?"

"వొస్తాదని."

"వస్తుందా?"

"ఒకోసారి రాదు. ఐనా పరిగెడతాడు."

రాలేదు. వాడు మళ్ళీ వెనక్కి వెళ్ళి మళ్ళీ పరిగెత్తాడు. చెయ్యెత్తి అడిగాడు. వాడి ముందంతా ఖాళీ ఉంది, మధ్యలో ఉన్నవాడు వాడి వైపు చూడకుండా తనే కొట్టి బయటికి పోగొట్టాడు. పసుపు బనియనువాడు నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు. పక్కనుండీ ఎవరికీ కనబడకపోవడం ఎలా ఉంటుందో వాణ్ణీ నన్నూ అడగాలి. మళ్ళీ వాడు పరుగందుకునేసరికి నేను మెట్ల మీద లేచి నిలబడి ఉన్నాను. "ఇవ్వండ్రా వాడికి! కళ్ళు కనబడవా? ఇవ్వండి!" అని రాజాం సంతలో అరిచినట్టు అరిచాను. గ్రౌండులో సగం మందికి తెలుగు రాదు. అయినా అందరూ నా వైపే చూశారు. అత్తమ్మ నా చీర కొంగు పట్టుకుని పడీపడీ నవ్వింది. "ఓలమ్మో! ఇప్పుడు సూస్తన్నావే పిల్లా, ఇప్పుడు సూస్తన్నావు," అంది. నాకు ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది ఆ మధ్యాహ్నమే. ఎవరికైనా ఆట మీద ప్రేమతో పడుతుంది, నాకు కుళ్ళుతో పట్టింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం గ్రౌండు, మిగతా రోజుల్లో టీవీ. మిక్సీ మ్యాచ్‌కు ముందే వేసేసుకునేదాన్ని. ఒక సాయంత్రం మా ఆయన ఇంట్లో ఉన్నారు, లక్ష్మి కూడా వచ్చింది. బంతి మైదానం మధ్యలో ఉంది. ఎడమ గీత వెంట ఒకడు నిశ్శబ్దంగా కదిలాడు. "ఎడమ పక్క! ఎడమ పక్కవాడు!" అని నేనంటుండగానే అత్తమ్మ కూడా "అదిగో ఆడు!" అంది. బంతి గాలిలో లేచి అటే వెళ్ళింది. గోల్. నేను కెవ్వున అరిచి అత్తమ్మ వైపు తిరిగాను. ఆవిడ నా వైపు తిరిగి రెండు చేతులూ చాచి ఉంది. చేతులు కొట్టుకుని, చాలక కావలించుకున్నాం. కాసేపటికి వెనక నుంచి వినబడింది:

"అరే, హలో! నేనూ ఉన్నానిక్కడ!"

మా ఆయన గది మధ్యలో చేతులు చాచి నిలబడి ఉన్నారు. ఆయన ఎవరి వైపు తిరిగారో నేను చూడలేదు. ఇన్నాళ్ళూ దానికోసమే కాచుకున్నదాన్ని, తీరా ఆ వేళకు మరిచేపోయాను. ఆ రోజు విశ్రాంతి సమయంలో మొదటి తొన నా చేతిలో పడింది. "అమ్మా, అది నాది కదా," అన్నారు మా ఆయన. "నువ్వు ఎడమోణ్ని సూసినావేటి?" అంది అత్తమ్మ. లక్ష్మి మూతి ముడుచుకుంది. "నీతో ఉంటే అమ్మకి మేం గుర్తే రాం వదినా. ఫోన్లో కూడా నీ ఊసే," అంది. ఆ మాట నాకెంత తియ్యగా ఉందో దాచుకోను. ఇన్నాళ్ళు కుళ్ళుకున్నదాన్ని చూసి ఇంకొకరు కుళ్ళుకుంటే ఆ సుఖమే వేరు.

తర్వాత షుగరు ముదిరి ఆవిడ చూపు మందగించింది. తెర మీద రంగులు కదలడం తప్ప ఏమీ తెలిసేది కాదు. ఆట ఎలా సాగుతోందో మా ఆయన పక్కన కూర్చుని చెప్పేవారు. అంతా కేకలే. "ఇచ్చాడు, తీసుకున్నాడు, అరెరే, పోయింది!" ఒక రోజు ఆవిడ చెయ్యి ఊపి ఆపేసింది. "నువ్వాగు బాబూ. అది సెప్తాదిలే. నువ్వు బంతిని సెప్తన్నావు. అది మనుసుల్ని సెప్తాది." నేను ఆ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, ఎవడు ఎటు పరిగెత్తుతున్నాడో, ఎవడికి బంతి అందలేదో చెప్పేదాన్ని. మా ఆయన సోఫా చివర కూర్చుని మా ఇద్దరినీ చూసేవారు. ఆ చూపు నాకు బాగా తెలుసు, నేనూ అలాగే చూశాను ఒకప్పుడు. ఒక వానాకాలం ఆవిడ జ్వరంతో పోయింది. ఫొటో కట్టించేటప్పుడు పట్టుచీరది వద్దని పోట్లాడి, గ్రౌండు మెట్ల మీద నోరంతా తెరిచి అరుస్తున్నది పెట్టించాను. నిక్కరు మావయ్య పక్కనే ఉంది.

నిన్న సాయంత్రం మేమిద్దరమే మ్యాచ్ చూశాం. కొడుతున్నవాణ్ణి కాదు, కొసన ఖాళీగా పరిగెత్తుతున్నవాణ్ణి చూస్తున్నాను, నా కళ్ళకు ఇక వేరే అలవాటు లేదు. గోల్ పడింది. మా ఆయన లేచి నా వైపు తిరిగారు. ఎన్నేళ్ళు కోరుకున్నానో అదే వెలుగు, అదే ముఖం. కాని నేను ఆయన వైపు లేను. గది ఆ చివరికి, కుర్చీ వైపు తిరిగి ఉన్నాను, చేతులు రెండూ ఎత్తి.

ఆయన కూడా ఆ ఖాళీ కుర్చీ వైపు చూశారు. "చిన్నప్పుడు క్యాంప్ గ్రౌండులో గోల్ పడితే అమ్మ నన్ను గాలిలోకి ఎగరేసేది. నేను ఏడ్చేవాణ్ణట," అన్నారు. ఆ మాటకు నా ఒళ్ళు భగ్గుమంది. అలాంటివి ఆయన దగ్గర ఇంకా ఎన్ని ఉన్నాయో. అన్నీ నాకు తెలియనివే. ఆవిడ ఆయనకు పుట్టగానే దొరికింది. నాకు పెళ్ళి చేసుకుంటే గాని దొరకలేదు.

టీవీలో ఈల ఊదారు. కమలాపండు ఒలిచి, పీచు తీశాను. ఆయన అలవాటుగా చెయ్యి చాచారు. మొదటి తొన నేనే తిన్నాను.