ఉలవలు మాన్పించిన వదిన

మా పెద్ద వదిన మొన్న మంగళవారం పోయింది. గోపాలపట్నం నుంచి అన్న కొడుకు ఫోన్ చేశాడు. "సిన్నాన్నా, అమ్మ అన్నం తిన్నాది, సెయ్యి కడుక్కుంది, తొంగుంది. మరి లెగలేదు" అన్నాడు. అంటే తినడం పూర్తిచేసే పోయిందన్నమాట. కంచంలో మెతుకు వదిలితే ఊరుకునే మనిషి కాదు.

నాకు పెట్టిన తిండి గురించే రాస్తాను. తక్కినవి రాయడానికి ఆవిడ పిల్లలున్నారు.

ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్న రోజులు. నేను పోర్టు వర్క్‌షాపులో ఫిట్టర్ని, మకాం అన్నావదినల ఇంట్లో. ఊళ్లో ఇరవయ్యారు మైళ్ల పరుగు పెడితే పేరిచ్చాను. మొదటి ఏడు పద్దెనిమిదో మైలు దగ్గర ఆగిపోయాను. కారణం ఉలవలు. గుర్రాలు ఉలవలు తింటాయి, గుర్రాలు పరిగెడతాయి, కనుక నేనూ తినాలని ముందురోజు గిన్నెడు గుగ్గిళ్లు లాగించాను. ఈ తర్కం నా సొంతం. ఏ బళ్లోనూ నేర్పరు, నేను బడికి పెద్దగా వెళ్లిందీ లేదు. మిగతా కథ రోడ్డు పక్క తుప్పలకు తెలుసు.

వదిన నవ్వలేదు. "గుర్రం ఉలవలు తినీసి నడిరోడ్డు మీదే పని కానిచ్చీగలదు మరిదీ. నువ్వు కానిచ్చీగలవేటి?" అని మాత్రం అడిగింది.

మరుసటి ఏడు పరుగు కార్తీక మాసంలో పడింది. ఆ నెల మా ఇంట్లో నీసు పొయ్యెక్కదు. వర్క్‌షాపులో నా పక్క బెంచీ అతనిది సముద్రం ఒడ్డున యారాడ, చేపలు పట్టే ఊరు. "ఏటి బావ, సేపలు మానీసి పరిగెడతావా? అంబులెన్సుకి ముందే సెప్పీ" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. ఈసారీ మధ్యలో ఆగితే ఆ షెడ్డులో తలెత్తుకుని తిరగలేనని నాకు తెలుసు.

వదినతో చెబితే, "వారం రోజులు నీ కంచం నాకొగ్గీ" అంది.

ఆ వారం మొదలయ్యే ముందు ఆదివారమే, పరుగు నాడు పొద్దున పెట్టబోయే అటుకులూ బెల్లమూ పెట్టి, పెందుర్తి దాకా పరిగెత్తించి, పొట్ట ఏమంటుందో కనుక్కుంది. ఏమీ అనలేదు. ఇక వారం మొదలు. మూడు రోజులు మామూలు తిండే: పొద్దున చోడి అంబలి, అదే రాగి జావ, మధ్యాహ్నం పప్పూ అన్నం. నాలుగో రోజు నుంచి పప్పు ఆగింది, ఆకుకూర ఆగింది, కారమైతే వాసనకు కూడా లేదు. అన్నం, పెరుగు, ఉడకేసిన చిలగడదుంపలు, అరటిపళ్లు. బలానికి బాదంపప్పు కొనుక్కొస్తానంటే కసిరింది.

"వరికోతల నాడు మా ఊళ్లో కొత్త కూర ఎవులూ వండరు. రోజూ తిన్నదే తినీసి సేల్లోకి దిగుతారు. పని నాడు పొట్టకి పరీచ్చ పెడతారేటి?"

పరుగుకు రెండు రోజుల ముందు యారాడ బావ వంజరం వేపుడు డబ్బాలో పెట్టుకుని మా వీధి అరుగు మీదికే వచ్చేశాడు. "ఒక్క ముక్క తిననీ అక్కా, కాళ్లకి సత్తువ" అని బతిమాలాడు. ఆ వాసనకు నా మనసు అప్పటికే డబ్బాలో ఉంది.

"నానేటి ఆపను, తినీమను" అంది వదిన. "పద్దెనిమిదో మైలు కాడ నీ సేప వచ్చి మా మరిదిని ఎత్తుకుంటాదా?"

నేనే డబ్బా మూత పెట్టేశాను.

ఆదివారం పద్దెనిమిదో మైలు దాటాను. పొట్ట కిక్కురుమనలేదు. ఇరవై రెండు దాటాక కాళ్లు రాళ్లయ్యాయి. బీచ్ రోడ్డు చివరికొచ్చేసరికి గెలిచినవాళ్లు ఇళ్లకు పోయారు, షామియానా విప్పుతున్నారు. ఇక చాలు, నడిచేద్దామని ఆగబోయాను. అప్పుడు జనంలోంచి వదిన చెప్పులు చేత్తో పట్టుకుని రోడ్డు మీదికి దిగి నా పక్కన పరిగెత్తడం మొదలుపెట్టింది.

"అన్నం నాను ఎట్టినాను, కాళ్లు నీవే. ఎత్తు!"

ఎత్తాను. గీత దాటాక వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ గీతకు పది గజాల దూరంలోనే ఆగి, చెప్పులు కింద పడేసి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసుకుంటూ కుచ్చిళ్లు సర్దుకుంటోంది.