అరచేత్తో వినేవాడు

పాండేసరా మరమగ్గాల మోతలో చెవులు పోగొట్టుకున్న మిస్త్రీ బ్రహ్మచారి, ఇప్పుడు కార్ల షెడ్డులో ఇంజన్లను అరచేత్తో వింటాడు. ఈమధ్య చాయ్ గ్లాసును మాత్రం రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. ఆ రోజు మిడ్జెట్ కారు ఇంజన్ తీసి, అచ్చం దానిలాగే ఉండే స్ప్రైట్‌లో బిగించాడు. రెండూ పాతకాలపు ఇంగ్లండ్ స్పోర్ట్స్ కార్లు. ఇది కుదరకపోతే వేరే మిస్త్రీని చూసుకుంటానని షెడ్డు యజమాని సేఠ్ ముందే చెప్పాడు. సేఠ్ తాళం తిప్పగానే ఇంజన్ లేచింది. బ్రహ్మచారి కళ్లు మూసుకుని దాని మీద చెయ్యి ఆనించాడు. అన్నం తెచ్చిన భార్య సమ్మక్క, గిన్నె దించకుండా ఆ చేతినే చూస్తోంది. చాలాసేపటికి అతని ముఖం విప్పారింది.

"మంచిగ నడుస్తాంది! నీకు ఇనవడ్తాందా?" అని భార్యను అరిచి అడిగాడు.

ఇంజన్ ఎప్పుడో ఆగిపోయింది. వణుకుతున్నది అతని చెయ్యి. సమ్మక్క సేఠ్ వైపు చూడకుండా, వినబడుతోందన్నట్టు తలూపింది.