ముక్కుకు వేలాడిన బిళ్ళ

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున, చాయ్ పొయ్యి మీద పెట్టగానే దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. "టీచరమ్మా, కాక పోయిండు" అంది చిన్నమ్మ. చాయ్ పొంగి పొయ్యంతా అయింది. కాక ఊపిరి బాగాలేక కరీంనగర్ దవాఖానలో పది రోజులుగా ఉన్నాడు. నేనుండేది కూడా కరీంనగర్‌లోనే కాబట్టి రెండుసార్లు పోయి చూసొచ్చాను. రెండోసారి పోయినప్పుడు తలాపున మడిచి పెట్టిన అంగీ జేబును తట్టి నవ్వాడు. ఫోన్ అడుగుతున్నాడేమో అనుకున్నాను. లేచి తిరుగుతాడనే ధైర్యంతో ఇంటికొచ్చాను.

కాక నాకు చుట్టం కాదు. మందమర్రి బడిలో ఇంగ్లీషు చెప్పిన నాలుగేళ్లూ నేను అద్దెకున్న ఇంటి పక్కిల్లు వాళ్లది. చిన్నమ్మ ఆయన భార్య. కాక ముప్పై ఏళ్లకు పైగా బొగ్గుబాయిలో ఫిట్టర్ పని చేసి రిటైరైన మనిషి. ఖాళీగా కూర్చోవడం చేతకాదు. వాడకట్టులో ఎవరి నల్లా కారినా, ఎవరి కుక్కర్ పిడి ఊడినా పిలవకముందే స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చేవాడు.

దుబాయిలో ఉన్న కాక అల్లుడు ఒకసారి తన చిన్న కూతురి కోసం ఒక పెట్టె తెచ్చాడు. పైన యుద్ధ విమానం బొమ్మ ధగధగలాడుతోంది. ఆ పిల్ల మూత తీసి, లోపల అతికించుకోవాల్సిన ప్లాస్టిక్ ముక్కలు చూసి, "తాతా, ఇది ఇరిగిపోయింది" అని పెట్టె ఆయన ఒళ్లో పెట్టేసి వెళ్లిపోయింది. విరిగిన వస్తువు చేతికొస్తే కాక ఊరుకుంటాడా? మరుసటి ఆదివారమే మా గడప దగ్గర నిలబడ్డాడు.

"టీచరమ్మా, గీ ఇంగ్లీషు జర చదివి పెడ్తవా?"

అట్లా నా ఆదివారాలు ఆయనవయ్యాయి. నేను పెట్టెలో వచ్చిన, ఎలా అతికించాలో చెప్పే కాగితం చదివేదాన్ని, ఆయన చేసేవాడు. ముక్కలను గోళ్లు తీసే కట్టర్‌తో కత్తిరించి, ఎమ్రీ కాగితంతో అంచులు రుద్దేవాడు. ఏ ముక్కనైనా బంక పెట్టకుండా మూడుసార్లు ఆనించి చూసేవాడు. నాకు విసుగొచ్చి "ఇంకెన్నిసార్లు కాకా?" అంటే, "అతికినంక అయ్యో అంటె ఏం లాభం బిడ్డా?" అనేవాడు. బూడిద రంగు కలపబోయి మొదటిసారి ఎనుము రంగు చేశాడు. చిన్నమ్మ చూసి, "పాలిస్తదా మరి?" అని అడిగింది. కాక రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. రెక్కల మీద అంటించే గుర్తులను చాయ్ సాసర్లో నీళ్లు పోసి నానబెట్టి, తడి వేలితో జరిపేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. నేనూ బిగబట్టేదాన్ని. ముక్కు చివరన ఉండే సన్నటి పుల్ల విరిగిపోతే, దాని బదులు చిన్నమ్మ కుట్టు సూదిని వేడి చేసి గుచ్చాడు.

ఒక్క దగ్గర మాత్రం కాగితం మాట వినలేదు. పైలట్‌ను సీట్లో అతికించి, పైన గాజు మూత అతికించాలని ఉంది. కాక తల అడ్డంగా ఊపాడు.

"అతికియ్య. లోపల మనిషున్నడు గదా. ఎట్లొస్తడు బయటికి?"

బొమ్మే కదా కాకా అన్నాను. అప్పుడు చెప్పాడు. బాయిలోకి దిగేముందు దీపాల గదిలో తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి, టోపీ దీపం తీసుకుంటారు. బిళ్ళ అక్కడ మేకుకు వేలాడుతుంటే మనిషి లోపల ఉన్నట్టు. పైకొచ్చి దీపం ఇచ్చేసి బిళ్ళ జేబులో వేసుకుంటే బయటపడ్డట్టు. ఒకసారి పైకప్పు కూలింది. "నా బిళ్ళ నేను తీస్కొని ఇంటికొచ్చిన. నా జతగాని బిళ్ళ మూడు దినాలు గా మేకుకే ఉన్నది" అన్నాడు. ఆ తర్వాత ఏమైందో నేను అడగలేదు. మూత అతికించమని కూడా మళ్లీ అనలేదు.

ఐదు నెలలకు విమానం పూర్తయింది. చిన్నమ్మ కొబ్బరికాయ కూడా కొట్టింది. కాక దాన్ని కిటికీ గూట్లో చక్రాల మీద నిలబెట్టి చెయ్యి తీశాడు. తోక కిందికి పోయి, ముక్కు పైకి లేచి, కుక్క కూర్చున్నట్టు కూర్చుంది. మళ్లీ నిలబెట్టాడు. మళ్లీ కూర్చుంది.

నేను ఇంటికొచ్చి కాగితం మళ్లీ చూశాను. నాలుగో బొమ్మ పక్కన చిన్న గడిలో ఉంది: రెండు సగాలు అతికించే ముందు ముక్కులో బరువు పెట్టాలి. నేను దాన్ని చదవకుండా దాటేశాను. "ప్రశ్న మొత్తం చదివి జవాబు రాయండి" అని పిల్లల నెత్తిన మొట్టే టీచర్ని నేను! సిగ్గుతో నోరు మూసుకున్నాను.

ఆ వారమంతా కాక దారం పట్టి చక్రాలు కొలుస్తూనే ఉన్నాడు. ఆదివారం నేను పోయేసరికి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు.

"చేతులు పోయినయి టీచరమ్మా. ఫిట్టర్ చేతులు కావియ్యి. ఇగ ఎవ్వలింట్ల నల్లా సుత ముట్టుకోను."

కాగితం ఆయన ముందు పెట్టి, తప్పు నాదేనని చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. కాక ఆ చిన్న గడినే చాలాసేపు చూసి, ఒక్కసారిగా పెద్దగా నవ్వాడు.

"అయితె నా చేతులు మంచిగనె ఉన్నయన్నట్టు!"

నేనింకా కళ్లు తుడుచుకుంటుంటే, "ఏడ్వకు బిడ్డా. బాయిల తప్పు ఒక్కనిది కాదు, షిఫ్టు మొత్తంది" అన్నాడు. ఎన్నో ఏళ్లుగా బడిలో ఉన్నాను. తప్పు చేసిన మనిషిని అంత తేలిగ్గా పక్కన కూర్చోబెట్టుకున్నవాళ్లను ఇంకొకరిని చూడలేదు.

తర్వాత లేచి, బీరువాలోంచి తన ఇత్తడి బిళ్ళ తెచ్చాడు. రిటైరైన రోజు దీపాల గదివాళ్లు చేతిలో పెట్టి పంపిన బిళ్ళ అది. దాని రంధ్రాన్ని ముక్కు చివరి సూదికి తగిలించాడు. విమానం మెల్లగా ముందుకు వంగి, మూడు చక్రాల మీద నిలబడింది.

"సూడు, మనిషి లోపలున్నడు, బిళ్ళ మేకుకున్నది. లెక్క సరిపోయింది."

అప్పటినుంచి అదే ఆయన డ్యూటీ. పొద్దున పైలట్‌ను కూర్చోబెట్టి బిళ్ళ తగిలించేవాడు. సాయంత్రం పైలట్‌ను అగ్గిపెట్టెలో పడుకోబెట్టి, బిళ్ళ జేబులో వేసుకునేవాడు. నాకు కరీంనగర్ బదిలీ అయ్యాక కూడా ఫోన్లో, "మనోడు డ్యూటీ దిగిండా కాకా?" అని అడిగేదాన్ని.

దినాలనాడు మందమర్రి పోయాను. కిటికీ గూట్లో విమానం తోక మీద కూర్చుని ఉంది. గాజు మూత తెరిచి ఉంది, సీటు ఖాళీగా ఉంది. ఎవరో కదిలించారనుకుని చిన్నమ్మ వైపు చూశాను. ఆమె దవాఖాన సంచీలోంచి కాక అంగీ తీసి, జేబులోని బిళ్ళ నా చేతిలో పెట్టింది.

"దవాఖానకు పోయెనాడు తీసి జేబుల ఏస్కున్నడు. ఆఖరిదాంక జేబులనే ఉన్నది."

దవాఖానలో నేను చూసిననాడు ఆయన తట్టింది దీన్నే. నేను ఏడుస్తూనే బిళ్ళను మళ్లీ సూదికి తగిలించబోయాను. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు బిడ్డా. మనిషి బయటికొచ్చిండు."

బిళ్ళను తీసుకుని కొంగున ముడి వేసుకుంది. కిటికీలో విమానం ముక్కు పైకెత్తి అట్లాగే ఉంది.