రోలర్ మీద పసుపుతాడు

కెనడాలోని బ్రాంప్టన్‌లో కాలేజీలో చదువుతూ, శనివారాలు పొద్దున ఒక రొట్టెల ఫ్యాక్టరీలో ప్యాకింగ్‌కి వెళ్లేదాన్ని. ఆ టర్మ్‌లో మాకో పాత నవల పాఠం. నూలుమిల్లులు కొత్తగా వచ్చిన రోజుల కథ. అందులో ఒక పిల్ల జుట్టు బెల్టులో చిక్కుకుంటుంది. పక్కన పనిచేసే ఆడవాళ్లు ముందే చూసి కూడా, మేస్త్రీకి భయపడి నోరు మెదపరు. ఇది వట్టి పిరికితనమని ఎస్సేలో రాసిపారేశాను. గట్టు మీద కూర్చుని ఈత నేర్పడం నాకు బాగా వచ్చు.

లైన్‌లో నా ఎదుట నిలబడేది గుంటూరు వైపు ఆంటీ. నగలు పెట్టుకోకూడదని ఫ్యాక్టరీ రూలు. అందుకని ఆవిడ పుస్తెలు ఇంట్లో దేవుడి దగ్గర పెట్టి, పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుని వచ్చేది. మెటల్ డిటెక్టర్ నూలుని పట్టదు కదా! ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

ఆ రోజు ఒక ప్యాకెట్ రోలర్ దగ్గర ఇరుక్కుంది. ఆంటీ వంగి లాగుతుంటే, కోటు మెడలోంచి తాడు జారి రోలర్ మీదికి వేలాడింది. అందరి చెవుల్లోనూ ప్లగ్గులు, అరిచినా వినపడదు. లైన్ ఆపే ఎర్ర బటన్ నా చేతికందేంత దూరంలో ఉంది. కిందటి వారం అది నొక్కినామెను, మమ్మల్ని ఫ్యాక్టరీకి పంపే ఏజెన్సీ మళ్లీ పనికి పిలవలేదు. నా చెయ్యి లేవలేదు. ఒక ప్యాకెట్ వెళ్లింది. రెండోది వెళ్లింది. మూడోది కూడా. పసుపుకొమ్ము రోలర్‌కి తగిలి ఎగిరింది. అప్పుడు నొక్కాను.

సూపర్‌వైజర్ పరుగున వచ్చి ఎవరాపారని అడిగాడు. ఆంటీ చెయ్యి మెడ మీద, కళ్లు నా మీద. పొరపాటున చెయ్యి తగిలిందన్నాను. నా బ్యాడ్జి నంబరు రాసుకుని వెళ్లాడు.

లంచ్‌రూమ్‌లో నాకు కోపం ఆగలేదు. "మెడకి ఉరి పడేది ఆంటీ!"

"అవేం మాటలమ్మా! బంగారమైతే ప్రమాదం గానీ, ఇది నూలుదేగా. మిషన్ లాగితే అదే పెరిగిపోద్ది."

తెగడమన్న మాట కూడా నోట రానివ్వక, పెరగడం అనే మనిషి. ఆవిడ బ్యాగులో ఎప్పుడూ ఉండే ఇంకో తాడు తీయించాను. చెరో కొస పట్టుకుని బలంకొద్దీ లాగాం. తెగలేదు. మా అరచేతులు ఒరుసుకుపోయి పసుపయ్యాయి.

ఆంటీ ముఖం పాలిపోయింది. మెడలోది తీసి కళ్లకద్దుకుని, బ్యాగులో దాచింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"దేవుడే నీచేత చూపించాడు తల్లీ. చూడగానే ఆపేశావు, కదూ?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఆఁ ఆంటీ, చూడగానే," అన్నాను.